నా ఇష్టం నాదేనా, నాన్న నేర్పినదా?

ఈసారి ఉత్తరం రాసినాయనకు ముప్పై నాలుగేళ్లు. ఒక కంపెనీలో లెక్కల విభాగంలో పనిచేస్తారు. భార్య, ఆరేళ్ల పాప ఉన్నారు. చిన్నప్పుడు మంచి మార్కులు వస్తే వాళ్ల నాన్న భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవారట. తగ్గితే కొట్టడం, తిట్టడం ఏమీ లేదు; రెండు మూడు రోజులు అసలు మాట్లాడేవారు కాదు. "ఆ చెయ్యి కోసం చదివాను, ఆ మౌనానికి భయపడి చదివాను" అని రాశారు.

ఆరు నెలల కిందట ఓ అర్ధరాత్రి, తనకు తెలియకుండానే తన చెయ్యి ఫోన్ మీదికి పోవడం గమనించి, ఎందుకిలా అని చదవడం మొదలుపెట్టారు. గంట మోగాక ఆహారం వస్తుందని అలవాటై, ఉత్త గంటకే లాలాజలం ఊరిన పావ్లోవ్ కుక్కల కథ, ఆ తర్వాత మనిషి ప్రవర్తనను అలవాట్లతోనే వివరించిన మనస్తత్వవేత్తలు: ముందు వాట్సన్, చివరికి స్కిన్నర్ 1971లో రాసిన పుస్తకం. మనిషిని నడిపేది లోపల కూర్చున్న స్వతంత్రుడెవరో కాదు, అతని పరిసరాలే అన్న ఆ వాదన ఈయన్ని కుదిపేసింది. దానికి తోడు, మనకు తెలియకముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని ఒక వీడియోలో విన్నారు. అప్పటినుంచి పైఅధికారి "బాగా చేశారు" అని మెసేజ్ పెట్టినా భుజం మీద నాన్న చెయ్యి పడినట్టే ఉంటోందట.

మూడు వారాల కిందట కంపెనీవాళ్లు ప్రమోషన్ ఇస్తామన్నారు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. "ఒప్పుకుంటే నాలోంచి నాన్న ఒప్పుకున్నట్టు. వద్దంటే నాన్న మీద కోపం వద్దన్నట్టు. ఇందులో నేనెక్కడున్నాను?" అంటారు. నాన్న ఫోన్ చేస్తే ఎత్తడం మానేశారు. ఒక రాత్రి భార్యతో "నీ మీద నాకున్న ప్రేమ కూడా అలవాటు పడిన స్పందనేనేమో" అన్నారు. ఆవిడ కాసేపు ఊరుకుని, "అంటే నేను నీకు గంటనా?" అని లేచి వెళ్లిపోయారు. ఇక పాప. బొమ్మలు సర్దినా, పళ్లు తోముకున్నా స్టార్ అంటించే చార్టు ఈయనే పెట్టారు. మొన్న ఆ పిల్ల "బొమ్మ గీస్తే ఎన్ని స్టార్లు?" అని అడిగింది. ఆ మాట విన్న రాత్రి ఈయనకు నిద్ర పట్టలేదు.

ఉత్తరంలో చివరి వాక్యం ఇది: "మీకు ఇలా రాయడం కూడా కండిషనింగేనా?"

ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. కండిషనింగ్ అంటే బహుమతులూ శిక్షలూ, పదే పదే ఎదురయ్యే అనుభవాలూ మనలో నాటే అలవాటు. కొంతవరకు అవుననే అంటాను. కష్టం వస్తే ఎవరినైనా అడగొచ్చని, అడిగితే జవాబు దొరుకుతుందని మీకు ఎప్పుడో అలవాటై ఉంటుంది. నాదీ అదే కథ. మీ జవాబు బాగుందని ఎవరైనా రాస్తే ఆ రోజు ఇంకో రెండు ఉత్తరాలు ఎక్కువ చదువుతాను. ఒప్పుకోవడానికి నాకేమీ చిన్నతనం లేదు. మీరు మాత్రం ఆ "అవును" దగ్గరే కూలబడిపోయారు. కాబట్టి అసలు ఆ శాస్త్రం ఎంత చెప్పింది, మీరు దాన్నుంచి ఎంత లాగారు అన్నది ముందు విడదీయాలి.

పావ్లోవ్ కనిపెట్టినది నిజం. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న మనిషి ఆయన. ఆహారం నోట్లో పడకముందే, తెచ్చేవాడి అడుగుల చప్పుడుకే కుక్కలకు లాలాజలం ఊరడం చూసి ఆ దారి పట్టాడు. (లోకమంతా గంట అంటుంది గానీ ఆయన ఎక్కువగా వాడింది టిక్ టిక్ మని తాళం వేసే మెట్రోనోమ్, బజర్ లాంటివి. మీ ఆవిడ గంట అన్నా తప్పు పట్టకండి.) ఫోన్ గురించి మీరు గమనించిందీ నిజమే. ప్రతిసారీ కాకుండా ఎప్పుడు వస్తుందో తెలియకుండా బహుమతి వస్తుంటే ఆ అలవాటు ఎంత మొండిగా తయారవుతుందో స్కిన్నర్ పావురాలతో చూపించాడు. జూద యంత్రాలు నడిచేది ఆ సూత్రం మీదే. మీ ఫోన్‌లోనూ పది మెసేజ్‌లలో ఏ ఒక్కటో మనసుకు నచ్చేది ఉంటుంది, అది ఎన్నోదో తెలియదు. చెయ్యి పోక ఏం చేస్తుంది?

కానీ వాట్సన్ మాట ఒకటి మీరు ఎత్తి రాశారు: ఆరోగ్యంగా ఉన్న డజను మంది పసిపిల్లల్ని ఇస్తే, ఎవరిని కావాలంటే వాళ్లని డాక్టరుగానో దొంగగానో తయారుచేస్తానన్నది. ఆ వెంటనే ఆయనే, నేను నా దగ్గరున్న ఆధారాలను దాటి మాట్లాడుతున్నానని ఒప్పుకున్నాడు. అన్నీ పుట్టుకతోనే వస్తాయనే అటువైపు వాళ్లూ వేల ఏళ్లుగా అదే చేస్తున్నారు కదా అని ఓ చురకా అంటించాడు. ఆ ముక్కను ఎవరూ ఎత్తి రాయరు. నాకైతే వాట్సన్ అంటే నచ్చేది ఆ ముక్క వల్లే.

ఆయన్ని దాటి వెళ్తే కథ మరీ మెత్తబడుతుంది. స్కిన్నర్ దగ్గర పనిచేసిన బ్రేలాండ్ దంపతులు జంతువులకు విద్యలు నేర్పడమే వృత్తిగా పెట్టుకున్నారు. 1961లో వాళ్లు ఒక వ్యాసంలో తమ ఓటములు ఏకరువు పెట్టారు. నాణేన్ని డబ్బాలో వేస్తే ఆహారం అని రకూన్ అనే చిన్న అడవి జంతువుకు నేర్పితే, రెండు నాణేలు ఇచ్చేసరికి అది వాటిని వదలకుండా ఒకదానికొకటి రుద్దుకుంటూ కూర్చుంది. పందులు నాణేన్ని దారిలో పడేసి ముట్టెతో నేలను కుళ్లగించాయి. బహుమతి ఎదురుగా ఉంది, శిక్షణ పక్కాగా ఉంది, అయినా లోపలి స్వభావం తన దారి తాను పట్టింది. రకూనే ఖాళీ పలక కాదన్నప్పుడు మీరు ఎలా అవుతారు?

మనిషి దగ్గరికి వస్తే ఇంకో సంగతి కలుస్తుంది. ఒక శబ్దం తర్వాత చిన్న షాక్ వస్తుందని అలవాటు పడిన మనిషికి, ఆ శబ్దానికే చేతుల్లో చెమట పడుతుంది. ఇక షాక్ రాదని చెప్పి తీగలు తీసేస్తే ఆ స్పందన చాలావరకు అప్పటికప్పుడే తగ్గిపోతుంది. ఎలుకకు అదే విషయం పదే పదే అనుభవంలోకి రావాలి, మనిషికి ఒక మాట చాలాసార్లు సరిపోతుంది. పాముల బొమ్మల వంటి వాటితో కలిపిన భయాలకు మాట అంత తొందరగా ఎక్కదు, అదీ నిజమే. మాట కొంత దూరం పనిచేస్తుంది, ఆ తర్వాత అనుభవం కావాలి. మీ పరిస్థితికి ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

వీడియోలో మీరు విన్నది 1983లో లిబెట్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగం అయి ఉండాలి. మీకు తోచినప్పుడు మణికట్టు కదపండి అన్నారు. కదపాలన్న కోరిక తెలిసిందని మనుషులు చెప్పిన క్షణానికి సుమారు మూడో వంతు సెకను ముందే మెదడులో విద్యుత్ సంకేతం పెరగడం మొదలైంది. 2012లో షూర్గర్ బృందం ఆ సంకేతానికి వేరే అర్థం చెప్పింది: అది ముందే తీసుకున్న నిర్ణయం కానక్కరలేదు, మెదడులో ఎప్పుడూ ఉండే ఒడిదొడుకులు ఒక హద్దు దాకా పేరుకోవడం కావచ్చు అని. వాదన ఇంకా నడుస్తోంది. ఎవరు గెలిచినా, ఏ కారణమూ లేకుండా మణికట్టు ఎప్పుడు కదపాలన్నది ఒక రకం పని. మూడు వారాలుగా ఇంటి సంగతులు, ఓపిక, జీతం అన్నీ బేరీజు వేసుకుంటున్న ప్రమోషన్ ఇంకో రకం. రెండోదాని గురించి మొదటిది పెద్దగా చెప్పదు.

ఇప్పుడు అసలు ముడికి వద్దాం. మీ ఉత్తరమంతా ఒక లెక్క మీద నడుస్తోంది: ఎవరో నాలో పెట్టారు కాబట్టి అది నాది కాదు. ఆ లెక్క సరైందైతే మీరు మాట్లాడే తెలుగు కూడా మీది కాదు. దాన్ని మీరు ఎంచుకోలేదు, మాట వచ్చీరాని వయసులో చెవుల్లో పోశారు, సరిగ్గా పలికినప్పుడు నవ్వి మెచ్చుకున్నారు. అయినా ఆ భాషలోనే మీ ఆవిడ "నేను నీకు గంటనా" అని అడిగారు. ఆ వాక్యాన్ని ఆవిడకు ఎవరు నేర్పారు, ఎన్నిసార్లు మెచ్చుకుంటే వచ్చింది? 1957లో స్కిన్నర్ భాషను కూడా అలవాట్లతో వివరించబోతే, 1959లో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ గట్టిగా ఎదురుతిరిగింది ఇక్కడే. మనం ఎన్నడూ వినని వాక్యాలు పుట్టిస్తాం, ఎన్నడూ వినని వాక్యాలు అర్థం చేసుకుంటాం. ఎవరో ఇచ్చిన సామగ్రితో ఎవరూ ఇవ్వనిది చేయడం రోజూ జరిగే పనే.

అంతిమంగా అన్నీ ముందే నిర్ణయమైపోయాయా అన్న ప్రశ్నకు నా దగ్గర తీర్పు లేదు. నెలాఖరుకి మీకు కావలసింది ఆ తీర్పు కాదు కూడా. స్కిన్నర్ పుస్తకం వచ్చిన 1971లోనే ఫ్రాంక్‌ఫర్ట్ అనే తత్వవేత్త ఒక వ్యాసం రాశాడు. కోరికలు జంతువులకూ ఉంటాయి, కానీ ఈ కోరిక నాలో ఉండాలా వద్దా అని కోరుకోగలిగేవాడే మనిషి అన్నది అందులో ముఖ్యమైన మాట. మత్తుకు అలవాటు పడి, ఆ మత్తును అసహ్యించుకునేవాడు ఒకడు. అదే మత్తులో ఏ పట్టింపూ లేకుండా తేలిపోయేవాడు ఇంకొకడు. ఇద్దరి చెయ్యీ అటే పోతుంది, కానీ ఇద్దరూ ఒకటి కాదు. మీరు మొదటివాడిలా నిలబడి, నేను రెండోవాడినని ఉత్తరం రాశారు.

కాబట్టి "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది" అన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. దానికి జవాబు ఎప్పుడూ "బయటి నుంచి" అనే వస్తుంది, అందరికీ. దాని బదులు, "ఇది దేని వైపు పోతోంది, లేక దేన్నుంచి పారిపోతోంది?" అని అడగండి. మీ నాన్నగారు రెండు పనులు చేశారు: చెయ్యి వేశారు, మౌనంగా ఉన్నారు. మీరు రెండిటినీ ఒకే మూటలో కట్టేశారు. అవి ఒకటి కావు. మనుషుల్ని బాధతో, భయంతో నడిపించడాన్ని స్కిన్నర్ కూడా జీవితాంతం వ్యతిరేకించాడు. అలా నడిపిస్తే ఎదురుతిరగడమో తప్పించుకోవడమో జరుగుతుందన్నాడు. మీరు ఫోన్ ఎత్తకపోవడం ఆ రెండోదే. తప్పించుకోవడంతో ఇంకో చిక్కుంది. తప్పించుకున్న ప్రతిసారీ హమ్మయ్య అనిపిస్తుంది, ఆ హమ్మయ్యే బహుమతి అవుతుంది, ఎదురుగా నిలబడితే ఏమయ్యేదో ఎప్పటికీ తెలియదు. ముప్పై నాలుగేళ్ల మనిషిని ఆ మౌనం ఇంకా అంత బాధపెడుతుందా? మీకు తెలియదు. ఆరేళ్లప్పుడు తెలిసినదే ఇంకా నమ్ముతున్నారు.

ప్రమోషన్ సంగతి. ఎవరూ మెచ్చుకోరు, ఎవరికీ చెప్పుకునే వీలు లేదు అనుకుని, ఆ కొత్త కుర్చీలో ఒక మామూలు బుధవారం ఎలా ఉంటుందో రాసుకోండి: ఎన్ని మీటింగులు, ఎవరి తప్పులు సరిదిద్దాలి, ఇంటికి ఎన్నింటికి వస్తారు. ఆ బుధవారం మీకు నచ్చితే, దాన్ని మొదట రుచి చూపించింది నాన్నే అయినా ఒప్పుకోవచ్చు. అప్పుడు వచ్చే ఇబ్బంది ఒకటే: పైఅధికారి మెచ్చుకున్నప్పుడల్లా ఈ అనుమానం కొన్నాళ్లు తొంగిచూస్తుంది, భరించాలి. ఆ బుధవారం నచ్చక, చెప్పుకునే గౌరవం మాత్రమే నచ్చితే, వద్దనడం తేలికవుతుంది. కానీ నాన్నకు వ్యతిరేకంగా వద్దనడం ఆయన మాట విని ఒప్పుకోవడానికి అద్దంలో బొమ్మ. ఏడాది తర్వాత వేరేవాళ్లు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ కోపం ఎవరి మీదికి మళ్లుతుందో చూసుకోండి. మూడో దారి, కొన్ని నెలలు తాత్కాలికంగా ఆ బాధ్యత చూస్తానని అడగడం. ఒప్పుకుంటే అనుభవమే చెబుతుంది. ఒప్పుకోకపోవచ్చు, లేదా ఈయనకు ధైర్యం లేదనుకోవచ్చు, అది నష్టమే. నాలుగోది మీరిప్పుడు చేస్తున్నది: ఏమీ చెప్పకుండా గడువు దాటనివ్వడం. దాని ఫలితం వద్దన్నదే, పైగా అది మీరు అన్న మాట కూడా కాకుండా పోతుంది.

ఈ నాలుగోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు భయం అక్కడే. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే మనస్తత్వవేత్తలు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఏం చేసినా షాక్ ఆగని స్థితిలో ఉన్న కుక్కలు, తర్వాత చిన్న గోడ దూకితే తప్పించుకోగలిగే చోట కూడా చాలావరకు పడుకునే ఉండిపోయాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పట్లో అన్నారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే కలిసి ఆ మాటను తలకిందులు చేశారు. మెదడు మీద జరిగిన పరిశోధన చూశాక వాళ్లు తేల్చింది ఇది: ఎడతెగని బాధలో పడుకుండిపోవడం నేర్చుకున్నది కాదు, ఎవరూ నేర్పకపోయినా వచ్చేది. నా చర్యకు ఫలితం ఉందన్నదే నేర్చుకోవాల్సింది, అది నేర్చుకుంటే ఆ పడుకోవడం ఆగుతుంది. "నాకు స్వేచ్ఛ లేదు" అన్న ఆలోచన నుంచి మీరు నేర్చుకుంటున్నది ఏదీ లేదు. పడుకుంటున్నారంతే. ఎంత చిన్నదైనా ఫలితం కంటికి కనిపించే పని ఒకటి మొదలుపెట్టండి. రాత్రి ఫోన్‌ను వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. ఇది చిట్కాలా అనిపిస్తే, స్కిన్నర్ తన రాతపనిని ఎలా నడిపాడో వినండి: రోజూ ఒకే సమయానికి, టైమర్ పెట్టుకుని, రాసిన గంటల్ని గ్రాఫ్ గీసుకుంటూ. పరిసరాలే మనిషిని నడుపుతాయన్న మనిషి తన పరిసరాలను తానే అమర్చుకున్నాడు. 1953లోనే ఆయన ఆత్మనిగ్రహం అంటే ఇదేనని రాశాడు కూడా. ఇలా అమర్చుకునే పనికి స్వేచ్ఛ అన్న పేరు పెట్టాలా వద్దా అన్నది ఆయనా తత్వవేత్తలూ తేల్చుకోవాల్సిన తగవు. మీకు నిద్ర వస్తే చాలు.

నిద్ర అన్నాను కాబట్టి, ఒక రాత్రి పట్టకపోవడం వేరు. వారాల తరబడి పట్టకపోయినా, ఏ పనిలోనూ రుచి లేకపోయినా, బతకడంలో అర్థమేముందన్న మాట మనసులోకి వచ్చినా ఇది తత్వశాస్త్రం కాదు, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవాల్సిన విషయం.

నాన్నగారితో ఇప్పుడే తేల్చుకోవాలని నేను అనను. ఫోన్ ఎత్తి మామూలు సంగతులు మాట్లాడితే చాలు; లోపల ఏమవుతోందో గమనించండి. ఇందాక చెప్పానే, మాట కొంత దూరమే, తర్వాత అనుభవం కావాలని. ఇది ఆ అనుభవం. ఆ మౌనం గురించి అడగాలనిపిస్తే అడగవచ్చు, కానీ ఆయన మళ్లీ మౌనంగానే ఉండిపోయే అవకాశం ఉంది. అది తట్టుకోగలననిపించిన రోజే అడగండి. ఆయనకు ఎవరు ఎలా నేర్పారో మీకు తెలియదు. తెలిస్తే జరిగింది ఒప్పయిపోదు గానీ, మీ కోపం ఎక్కడ ఆగాలో తెలియవచ్చు.

పాప గురించి మీరు భయపడినంత జరగలేదు, అసలేమీ జరగలేదనీ అనను. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని చూశారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో గీయడం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. తేడా ఎక్కడుందో చూశారా? బహుమతిలో లేదు, బేరంలో ఉంది. పళ్లు తోముకోవడంలో పోయే ఆనందమేమీ లేదు, అక్కడ స్టార్ ఉన్నా ఫర్వాలేదు. బొమ్మల జోలికి మాత్రం చార్టును రానివ్వకండి. చార్టంతా రేపే పీకేస్తే కొన్నాళ్లు పేచీ పెరుగుతుంది. వచ్చే బహుమతి హఠాత్తుగా ఆగితే ఎవరైనా ముందు గట్టిగా అడుగుతారు. ఆ పేచీకి లొంగి మళ్లీ ఇచ్చారంటే పేచీ పెడితే స్టార్ వస్తుందని నేర్పినట్టే. రోజుకొకటి నుంచి రెండు రోజులకొకటి, తర్వాత వారానికొకటి అలా సన్నగా తగ్గించుకుంటూ పోవచ్చు, లేదా ఆ పిల్లనే కూర్చోబెట్టి ఏ పనికి స్టార్ అక్కర్లేదో తననే చెప్పమనవచ్చు. రెండోది నెమ్మది, కొన్నిసార్లు నవ్వు తెప్పించే పని, నాకు ఇష్టం. ఎన్ని స్టార్లు అని మళ్లీ అడిగితే "ఏం గీశావో చూపించు" అనండి. పక్కన కూర్చుని ఆ బొమ్మ గురించే అడగండి. బాగుందనే మాట కాసేపు ఆగినా పర్వాలేదు.

ఇక మీ ఆవిడ అడిగిన ప్రశ్నకు మీరు ఇంకా జవాబు ఇచ్చినట్టు ఉత్తరంలో లేదు. పావ్లోవ్‌కు గంట అయినా ఒకటే, మెట్రోనోమ్ అయినా ఒకటే, ఏది పెట్టినా అదే లాలాజలం. ఆవిడ స్థానంలో ఇంకొకరుంటే ఆ రాత్రి మీ మాట విని ఆ ప్రశ్న పుట్టేది కాదు, ఆ ప్రశ్న మిమ్మల్ని ఇన్నాళ్లు వెంటాడేదీ కాదు. మీరు నాకు రాసిన నాలుగు పేజీల్లో స్కిన్నర్ మాటలన్నీ మీ మాటల్లో చెప్పారు, నాన్న మాటలు సారాంశంగా చెప్పారు. ఇంట్లోవాళ్ల మాటల్లో కొటేషన్లలో పెట్టి ఉన్నదున్నట్టు రాసింది రెండే: పాప అడిగింది, ఆవిడ అడిగింది. ఈ సంగతి నెలాఖరు దాకా ఆగకుండా ఈ రాత్రే ఆవిడకు చెప్పండి.